రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత చేతి వాపు: ఇంట్లో టేపుతో కొలిచే పద్ధతి

నేను ఫిజియోథెరపిస్టును. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయినవాళ్లకు చేతి వ్యాయామాలు చేయించడం, వాపును కనిపెట్టి చూడటం నా పని. "గాజులు ఎక్కడం లేదమ్మా, జాకెట్టు చేయి బిగుసుకుపోతోంది" అంటూ వచ్చేసరికే చాలామందికి వాపు ముదిరి ఉంటుంది. చంకలోని లింఫ్ గ్రంథులు తీసేసినా, అక్కడ రేడియేషన్ ఇచ్చినా ద్రవం వెళ్లే దారులు తగ్గిపోతాయి. తొలిదశలో చేయి ఎత్తి పెట్టుకుంటే దిగిపోయే వాపు, పట్టించుకోకపోతే గట్టిపడి ఇక దిగదు. అందుకే ఇంట్లో టేపు ఉంచుకోమని అందరికీ చెబుతాను.

వీలుంటే తొలి కొలత ఆపరేషన్‌కు ముందే తీసుకోవాలి. కుడిచేతి వాటం ఉన్నవాళ్లకు కుడిచేయి సహజంగానే కాస్త లావుగా ఉంటుంది. పాత కొలత లేకపోతే ఆ తేడా ఎంతో, వాపు ఎంతో విడదీసి చెప్పడం కష్టం. ఆపరేషన్ అయిపోయినా పరవాలేదు, ఈరోజే రెండు చేతులూ కొలిచి రాసిపెట్టండి.

దర్జీ టేపు చాలు. కానీ పాతబడితే సాగుతుంది, స్టీలు స్కేలు పక్కన పెట్టి సరిచూడండి. ఎవరి చేయి వాళ్లు సరిగా కొలుచుకోలేరు, ఇంట్లో ఒకరు నేర్చుకోవాలి, ప్రతిసారీ ఆ మనిషే కొలవాలి. చాలా ఇళ్లలో ఈ పని కూతుళ్ల మీద పడుతుంది. భర్తలే నేర్చుకోవాలని నేను పట్టుబడతాను.

గాజులు, ఉంగరాలు, స్లీవ్ (వాపు తగ్గడానికి చేతికి వేసుకునే బిగుతు తొడుగు) తీసేసి కూర్చోబెట్టి, చేతిని బల్లమీద చాచి, అరచేయి కిందికి ఆనించండి. మణికట్టు దగ్గర చిటికెనవేలి వైపు తగిలే ఎముక బొడిపె మన సున్నా. అక్కడినుంచి స్కేలు ఆనించి, చంక దగ్గరి వరకు ప్రతి 4 సెంటీమీటర్లకు స్కెచ్ పెన్నుతో గుర్తు పెట్టండి. ప్రతి గుర్తు దగ్గరా టేపును చేతికి అడ్డంగా చుట్టి చుట్టుకొలత రాయండి. టేపు చర్మాన్ని తాకాలి, నొక్కకూడదు. వాపు ఉన్న చేయి మెత్తగా ఉంటుంది కాబట్టి గట్టిగా లాగితే కొలత తగ్గి, వాపు లేదన్న భ్రమ కలుగుతుంది. రెండో చేతినీ ఇలాగే కొలవాలి. వేళ్ల మొదళ్లకు కాస్త కింద అరచేతి చుట్టూ కూడా ఒక కొలత తీసుకోండి. కొందరికి వాపు అక్కడే ఉంటుంది. ప్రతిసారీ పగటిపూట ఒకే వేళ కొలవండి, సాయంత్రానికి చేయి కాస్త ఉబ్బవచ్చు.

ఎక్కడైనా రెండు చేతుల మధ్య తేడా 2 సెంటీమీటర్లు దాటితే చూపించుకోవాలి. బక్కపలచని చేతికి ఇది పెద్ద తేడా, లావు చేతికి చిన్నది. కాబట్టి ఘనపరిమాణం లెక్కకట్టడం మేలు. పక్కపక్కన ఉన్న రెండు చుట్టుకొలతల వర్గాలనూ, వాటి లబ్ధాన్నీ కలిపి, 4తో హెచ్చించి, 37.7తో భాగించండి. ఉదాహరణకు 16, 18 సెంటీమీటర్లయితే 256, 324, 288 కలిపి 868. దాన్ని 4తో హెచ్చించి 37.7తో భాగిస్తే సుమారు 92 మిల్లీలీటర్లు. ఇది ఆ రెండు గుర్తుల మధ్య ఉన్న ముక్క పరిమాణం. ఇలా అన్ని ముక్కలనూ కూడితే ఆ చేతి పరిమాణం వస్తుంది. రెండో చేతికంటే 10 శాతం ఎక్కువ ఉంటే సాధారణంగా లింఫెడిమాగా, అంటే లింఫ్ ద్రవం చేరి వచ్చిన వాపుగా లెక్కిస్తారు. ఆపరేషన్‌కు ముందు కొలత ఉన్నవాళ్లయితే 5 శాతం పెరిగినా ఆగకండి, అప్పుడు మొదలుపెట్టిన చికిత్సే తేలికగా పనిచేస్తుంది.

మూడు నెలలకొకసారి కొలవండి. వాపు ఎక్కువగా తొలి రెండు మూడేళ్లలో కనబడుతుంది, ఆ తర్వాతా రావచ్చు. బరువుగా, బిగుతుగా అనిపిస్తే గడువు కోసం చూడకండి, టేపులో తేడా కనబడకముందే చేయి అలా చెబుతుంది.

చేయి ఎర్రబడి వేడెక్కినా, జ్వరం వచ్చినా, ఒక్కసారిగా నొప్పితో ఉబ్బినా కొలుస్తూ కూర్చోవద్దు. ఇన్ఫెక్షన్ కావచ్చు, రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లండి, కొలతల పుస్తకం వెంట తీసుకెళ్లండి.