ల్యాబ్‌లో హైడ్రాక్సిల్ సమూహాన్ని ఎలా గుర్తించాలి?

ఇంటర్ ప్రాక్టికల్స్‌లో తెలియని కర్బన పదార్థం చేతికిచ్చి "ప్రమేయ సమూహం (పదార్థం రసాయన గుణాన్ని నిర్ణయించే పరమాణువుల గుంపు) కనుక్కో" అనగానే చాలామందికి టెన్షన్ మొదలవుతుంది. ఆల్కహాల్, ఫినాల్ రెండింటిలోనూ ఉండేది హైడ్రాక్సిల్ (–OH) సమూహమే. అది బెంజీన్ వలయానికి నేరుగా అతుక్కుని ఉంటే ఫినాల్. మామూలు గొలుసు కార్బన్‌కు ఉంటే ఆల్కహాల్. పరీక్షలు వరసగా చేస్తే ఈ తేడా తేలిగ్గానే దొరుకుతుంది.

1. ముందు కార్బాక్సిలిక్ ఆమ్లం కాదని తేల్చుకోండి. సోడియం బైకార్బనేట్ ద్రావణంలో కొంచెం పదార్థం వేయండి. బుసబుస పొంగితే ఆమ్లం ఉన్నట్టే. లిట్మస్‌ను మాత్రం నమ్ముకోకండి, ఫినాల్ కూడా నీలి లిట్మస్‌ను కాస్త ఎర్రబరుస్తుంది. అయితే అది కార్బానిక్ ఆమ్లం కన్నా బలహీనం, కాబట్టి బైకార్బనేట్‌ను పొంగించలేదు.

2. తర్వాత ఫెర్రిక్ క్లోరైడ్. పదార్థాన్ని నీళ్లలో గానీ ఆల్కహాల్‌లో గానీ కరిగించి, తటస్థ ఫెర్రిక్ క్లోరైడ్ రెండు మూడు చుక్కలు వేయండి. ఊదారంగు వస్తే ఫినాల్. కొన్ని ఫినాల్‌లు నీలం, ఆకుపచ్చ రంగులు కూడా ఇస్తాయి.

ఇక్కడే ఎక్కువమంది పప్పులో కాలేస్తారు. సీసాలోని ద్రావణం చెడకుండా అందులో సాధారణంగా హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలుపుతారు. ఆమ్లం ఉంటే రంగు సరిగా రాదు. అందుకే ముందు దానికి విలీన సోడియం హైడ్రాక్సైడ్‌ను చుక్కచుక్కగా కలపండి. కదిపినా కరగని కొద్దిపాటి గోధుమరంగు అవక్షేపం కనిపించగానే ఆపి, వడకట్టి, ఆ తేట ద్రావణాన్నే వాడండి.

బైకార్బనేట్‌తో పొంగి, ఫెర్రిక్ క్లోరైడ్‌తో ఊదారంగు కూడా వచ్చిందా? కంగారు పడకండి. శాలిసిలిక్ ఆమ్లం ఇలాగే చేస్తుంది, దానిలో కార్బాక్సిలిక్ ఆమ్ల సమూహం, ఫినాల్ హైడ్రాక్సిల్ సమూహం రెండూ ఉన్నాయి.

ఫినాల్‌ను చేత్తో ముట్టుకోవద్దు. అది చర్మాన్ని కాలుస్తుంది, పైగా మొద్దుబారుస్తుంది కాబట్టి కాలిన సంగతి వెంటనే తెలియదు. ఒంటిమీద పడితే ధారగా నీళ్లు పోసి కడిగి, లెక్చరర్‌కు చెప్పండి.

3. ఊదారంగు రాకపోతే సెరిక్ అమ్మోనియం నైట్రేట్ ద్రావణం కొద్దిగా తీసుకుని, దానిలో పదార్థం నాలుగైదు చుక్కలు కలపండి. పసుపు ద్రావణం ఎర్రబడితే ఆల్కహాల్. రంగు తర్వాత వెలిసిపోవచ్చు, అందుకే చూసిన వెంటనే రాసుకోండి.

4. ఏ రకం ఆల్కహాలో చెప్పాలంటే ల్యూకాస్ పరీక్ష. హైడ్రాక్సిల్ ఉన్న కార్బన్‌కు మరో కార్బన్ ఒకటి అతుక్కుని ఉంటే ప్రైమరీ, రెండుంటే సెకండరీ, మూడుంటే టెర్షియరీ. గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో నిర్జల జింక్ క్లోరైడ్ కరిగించిన ద్రావణమిది. కలపగానే మసకబారితే టెర్షియరీ, ఐదు నిమిషాలకు అటూఇటూగా మసకబారితే సెకండరీ, గది ఉష్ణోగ్రతలో అలాగే తేటగా ఉంటే ప్రైమరీ. ఆ మసక నీళ్లలో కరగని ఆల్కైల్ క్లోరైడ్ వల్ల వస్తుంది. అందుకే ముందుగా ఆ ద్రావణంలో కరిగే చిన్న ఆల్కహాల్‌లకే ఇది పనికొస్తుంది. అడుగున నీటి చుక్క మిగిలితే ద్రావణం బలం తగ్గుతుంది, కాబట్టి దీనికి మాత్రం పొడి పరీక్షనాళికే తీసుకోండి.