మినీ లిఫ్టుతో ఇసుక, ఇటుక ఎక్కించేటప్పుడు: మొదట వెనక పెట్టే బరువు చూడండి

భీమవరం, అమలాపురం వైపు రెండో అంతస్తు లేస్తున్న ఇళ్లమీద, స్లాబు అంచున తరచూ ఒక మినీ లిఫ్టు, అంటే మోటారుతో రోపు చుట్టి బరువు పైకి లాగే చిన్న మిషను, కనిపిస్తుంది. అందరి చూపూ కొక్కెం మీదే ఉంటుంది. కానీ మిషను ముందుకు బోర్లాపడిందంటే ముందుగా అనుమానించాల్సింది వెనక పెట్టిన బరువునే.

లెక్క సులువే. మిషను ముందు కాలినుంచి కొక్కెం 1.2 మీటర్లు బయటికి ఉంది, ఎత్తేది 300 కిలోలు అనుకోండి. రెండూ గుణిస్తే 360. వెనక బరువు అదే కాలికి 2 మీటర్ల దూరంలో ఉంటే 180 కిలోలకు సరితూగుతుంది. సరితూగితే చాలదు, కొక్కేనికి వేలాడే సామాను టబ్బు ఒక్క కుదుపు కుదిపినా మిషను లేచిపోతుంది. మూడు రెట్లు, అంటే 540 కిలోలు వేయండి. పొడవు, వెడల్పు, ఎత్తు 40 సెంటీమీటర్ల చొప్పున పోసిన కాంక్రీటు దిమ్మ ఒక్కోటి 150 కిలోలు దాటుతుంది, నాలుగు చాలు. మిషను తయారీదారు ఇంతకన్నా ఎక్కువ చెబితే అదే వేయాలి. దిమ్మల్ని ఫ్రేముకు బోల్టులతో బిగించండి.

సిమెంటు బస్తాలు మాత్రం వెనక పెట్టొద్దు. సాయంత్రం మాలు కలిపేటప్పుడు ఒక బస్తా తగ్గితే ఎవరో ఒకరు వచ్చి దాన్నే లాక్కుపోతారు. ఇసుక మూటలు ఎండకు చివికి కారిపోతాయి.

మనకు ఇంకో చిక్కు ఉంది. గోదావరి ఇసుక ర్యాంపునుంచి, అంటే ఏట్లో ఇసుక తీసి లోడుచేసే రేవునుంచి, నీళ్లోడుతూ వస్తుంది. ఎండిన ఇసుక ఘనమీటరు సుమారు 1600 కిలోలైతే, తడిది 1900 దాకా తూగుతుంది. 150 లీటర్ల టబ్బులో ఎండు ఇసుక 240 కిలోలు, తడిది 285. టబ్బు బరువు 30 కలిస్తే 315, అంటే 300 కిలోల మిషనుకు అప్పటికే మించిపోయింది. టబ్బు లోపల ముప్పావు ఎత్తున ఎర్ర పెయింటుతో గీత గీసి, తడి ఇసుక దాన్ని దాటనివ్వకండి. నింపేవాళ్లకు లెక్కలు చెప్పడంకన్నా గీత చూపించడమే నయం.

వైరు రోపును రోజూ పొద్దున్నే చూడాలి, నరసాపురం, అంతర్వేది వైపు ఉప్పుగాలికి మరీను. కరెంటు తీసేసి, చేతికి తోలు గ్లవ్సు వేసుకుని, రోపు చుట్టూ పాత నూలుగుడ్డ పట్టి మెల్లగా జరపండి. తెగిన పోగు ఉంటే గుడ్డకు పట్టుకుంటుంది. అలా పోగులు ఒకేచోట గుంపుగా తెగినా, రోపు నలిగినా, మెలిపడినా మార్చేయాలి, ముడివేసి వాడకూడదు. రోపు చివర మడిచి బిగించే క్లాంపులు కనీసం మూడు ఉండాలి. 8 మిల్లీమీటర్ల రోపుకు వాటి మధ్య సుమారు 5 సెంటీమీటర్ల ఎడం ఇవ్వండి. క్లాంపులోని యు బోల్టు వంపు మడిచిన కొసమీదికి, గాడి ఉన్న దిమ్మ బరువు మోసే రోపుమీదికి రావాలి. తిరగేసి బిగిస్తే బరువు మోసే రోపే నలుగుతుంది. మొదటి బరువు ఎత్తాక నట్లు మళ్లీ బిగించండి. కొక్కెం నేలకు దిగినప్పుడు కూడా రోపు చుట్టుకునే డ్రమ్ముమీద మూడు చుట్లు మిగలాలి.

తర్వాత బ్రేకు. నిండు టబ్బును అడుగు ఎత్తు లేపి, స్విచ్చి వదిలి, ఒక నిమిషం చూడండి. కొంచెం జారినా ఆరోజు పని ఆపాల్సిందే. వోల్టేజి పడిపోయినప్పుడు కొన్ని మిషన్లలో బ్రేకు పూర్తిగా తెరుచుకోదు, రాసుకుంటూ తిరిగి లైనింగు కాలిపోతుంది. కాలిన వాసన వస్తే అలాగే లాగించకండి.

పైన టబ్బు అందుకునే మనిషికి బెల్టు తప్పనిసరి. ఆ బెల్టు తాడును మిషనుకు కట్టొద్దు, మిషను పడితే మనిషినీ లాక్కుపోతుంది. గట్టిపడిన పిల్లరుకు చుట్టి కట్టండి. కింద టబ్బు దిగేచోట చుట్టూ తాడు కట్టి ఎవరినీ రానివ్వకండి. టబ్బులో మనిషి ఎక్కడం ఎంత తొందరున్నా వద్దు. 11 కేవీ (11 వేల వోల్టుల) కరెంటు లైను పక్కనే ఉంటే కొక్కెం, ఇనుప ఊచలు ఊగినా సరే కనీసం 3 మీటర్ల ఎడం మిగిలేచోటే మిషను పెట్టాలి.

ఊచల కట్టల కోసం హైడ్రా క్రేను (చక్రాలమీద నడిచే క్రేను బండి) పిలిస్తే నేల చూడండి. చేను పూడ్చి మెరక తోలిన స్థలంలో పైన గట్టిగా కనిపించినా కింద బంకమన్ను మెత్తగానే ఉంటుంది. వాన వెలిసిన మర్నాడు చక్రం ఒకవైపు దిగబడితే క్రేను ఒరుగుతుంది. చక్రాల దారంతా మందపాటి ఇనుప రేకులు పరిచాకే బరువు ఎత్తించండి.