ఫ్రెషర్స్ వీక్‌కి బొట్టు పెట్టి పిలవరు

పోయిన సెప్టెంబరులో ఒకరోజు పొద్దున్నే ఐదున్నరకి ఫోన్ మోగింది. చూస్తే ఇంగ్లండ్ నంబరు. అక్కడ రాత్రి ఒంటిగంట. విజయనగరంలో మా వీధి కుర్రాడే, ఎమ్మెస్సీ చదవడానికి వెళ్ళి అప్పటికి నాలుగు రోజులు. నిజానికి వారం ముందే వెళ్ళాల్సింది. మహాలయ పక్షాల్లో కొత్త ప్రయాణమేంటని వాళ్ళ మామ్మ పట్టుబడితే అమావాస్య దాటాక టికెట్ తీశారు. దిగేసరికి, కొత్తగా చేరినవాళ్ళ కోసం పెట్టే ఫ్రెషర్స్ వీక్ సగం అయిపోయింది. మిగతా సగం గదిలో కూర్చుని, మామ్మ కట్టిచ్చిన జంతికలు తింటూ, గోడ అవతల పాటలు వింటూ గడిపేశాడు.

"ఎవులూ పిలవనేదన్నా" అన్నాడు. ఏడుపు గొంతు.

జాలి కంటే ముందు నాకు కోపం వచ్చింది. 2011లో నేనూ అచ్చం ఇలాగే కూర్చున్నాను కాబట్టి. ఈ జనవరిలో వెళ్ళేవాళ్ళు, వచ్చే సెప్టెంబరులో వెళ్ళేవాళ్ళు మా ఇంటికొచ్చి బ్యాగులో ఎన్ని కేజీలు పెట్టాలి, కుక్కరు తీసుకెళ్ళాలా అని అడుగుతుంటారు. అవన్నీ మీ కన్సల్టెన్సీవాళ్ళు చెప్తారు. వాళ్ళు చెప్పనిది చెప్తాను.

మన ఇంజినీరింగ్ కాలేజీల్లో ఫ్రెషర్స్ డే అంటే సీనియర్లు చందాలేసుకుని జూనియర్లకి ఇచ్చేది. వాళ్ళే క్లాసుకొచ్చి పిలుస్తారు, స్టేజి ఎక్కిస్తారు, పాడమంటారు. అక్కడా అదే పేరు వినేసరికి ఎవరో ఒకరు తలుపు కొడతారని ఎదురుచూస్తాం. బ్రిటన్‌లో ఈ వారాన్ని నడిపేది ఎక్కువగా స్టూడెంట్స్ యూనియన్. గోడకి పోస్టరు అంటిస్తారు, ఈమెయిల్ పంపిస్తారు. పిలుపు అంటే అదే. బొట్టు పెట్టి పిలవకపోతే సొంత బాబాయి ఇంట పెళ్ళికి కూడా కదలని ఇళ్ళలోంచి వచ్చాం కదా, పోస్టరు మీద "అందరూ రండి" అని ఉన్నా ఆ అందరిలో మనం లేమనే అనుకుంటాం. మన పైడితల్లమ్మ జాతరకి, సిరిమానోత్సవానికి మీకెవరైనా శుభలేఖ ఇచ్చారా? పొద్దున్నే వెళ్ళి మూడు లాంతర్ల దగ్గర నిలబడతాం. పక్కనున్నాయన బొబ్బిలో పార్వతీపురమో తెలీదు, సాయంత్రానికి ఆయన పిల్లాడు మన భుజం మీద కూర్చుని సిరిమాను చూస్తుంటాడు. ఫ్రెషర్స్‌కీ అలాగే వెళ్ళాలి.

పగటి కార్యక్రమాలు వదలొద్దు. సొసైటీల, అంటే విద్యార్థుల సంఘాల మేళా ఒకరోజు ఉంటుంది. పెద్ద హాల్లో వరుసగా బల్లలు. క్రికెట్టు, కొండలెక్కడం, నాటకాలు, చదరంగం, మన ఇండియన్ సొసైటీ, ఇంకా మీరు ఊహించనివి కూడా. మనవాళ్ళు ఉచితంగా ఇచ్చే పెన్నులు, సంచులు, పిజ్జా ముక్కలు ఏరుకుని వచ్చేస్తారు. నేను ఆరు సంచులు తెచ్చాను, ఒక్క సొసైటీలోనూ పేరు రాయించుకోలేదు. మీరు రెండింటిలో రాయించండి, అందులో ఒకటైనా తెలుగువాళ్ళు లేనిది చూసుకోండి. ముందు ఊరికే వచ్చి చూసిపొమ్మనే రోజులు కూడా పెడతారు. తెలుగు వాట్సాప్ గ్రూపు, శనివారం బిర్యానీ ఎక్కడికీ పోవు.

ఆ వారం పార్టీలకి టికెట్‌లాగా చేతికి కట్టుకునే పట్టీని రిస్ట్‌బ్యాండ్ అంటారు, అది యూనియన్ సొంత వెబ్‌సైట్లోనే కొనండి. గ్రూపుల్లో ఎవడో "అఫీషియల్" అని రాసి అమ్మేది కొని, గుమ్మం దగ్గర వెనక్కి తిరిగొచ్చి నాకు ఫోన్ చేయకండి.

రాత్రి పార్టీ ఎక్కడ మొదలవుతుందో వెతుక్కోనక్కర్లేదు. చాలామటుకు మీ వంటింట్లోనే. ఒక ఫ్లాట్‌లో ఆరేడు మందికి కలిపి ఒకే కిచెన్ ఉంటుంది. బయట బార్లో ధరలు ఎక్కువని, సూపర్‌మార్కెట్లో కొన్నవి ముందేసుకుని ఎనిమిదింటి నుంచి అక్కడ కూర్చుంటారు. ప్రీ డ్రింక్స్ అంటారు. పది దాటాక లేస్తారు. ఆ రెండు గంటలు మీరు టీ కప్పుతో కూర్చున్నా ఎవరూ ఏమీ అనరు. నేనేం చేసేవాణ్ణంటే, ఏడింటికే అన్నం వండుకుని, కంచం పట్టుకుని గదిలోకి పోయి తలుపేసుకునేవాణ్ణి. ఇంక వాళ్ళేం పిలుస్తారు!

పబ్‌లో సర్వర్ కోసం చూడకండి, కౌంటర్ దగ్గరికి మీరే వెళ్ళి అప్పుడే డబ్బిచ్చి తెచ్చుకోవాలి. ఒక్కొక్కరు వంతులవారీగా అందరికీ కొంటారు, దాన్ని రౌండ్ అంటారు. ముగ్గురు కొన్నవి తాగి, మీ వంతొచ్చేసరికి బాత్రూంలో దూరారంటే ఏడాదంతా గుర్తుంచుకుంటారు. తాగనివాళ్ళు "నాది నేను కొనుక్కుంటాను" అని మొదటే చెప్పేసి లైమ్ సోడా తెచ్చుకోండి. గ్లాసు వదిలి పోవద్దు, ఒంటరిగా రావొద్దు, ఇవి మీ అమ్మ చెప్పే ఉంటుంది.

ఇప్పుడు అసలు సంగతి. పాస్‌పోర్ట్.

మన రాష్ట్రంలో మందుకి 21 ఏళ్ళు నిండాలి, అక్కడ 18 చాలు. అయితే పాతికేళ్ళలోపు మనిషిలా కనబడితే రుజువు అడగడం చాలాచోట్ల అలవాటు, ఛాలెంజ్ 25 అని బోర్డులు కూడా ఉంటాయి. మన కుర్రాళ్ళు మీసం పెంచినా పందొమ్మిదేళ్ళ వాళ్ళలాగే కనిపిస్తారు. కాలేజీ కార్డు చాలాచోట్ల చెల్లదు. ఫోన్‌లో పాస్‌పోర్ట్ ఫోటో చూపిస్తే బౌన్సరు తల అడ్డంగా ఊపుతాడు. దాంతో అందరూ చేసేది ఒక్కటే, అసలు పాస్‌పోర్ట్ జేబులో పెట్టుకుని పార్టీకి వెళ్ళడం. నేనూ అదే చేశాను.

వెళ్ళిన వారానికి చలికి తట్టుకోలేక ఒక ఛారిటీ షాపులో ఎనిమిది పౌండ్లకి నల్ల కోటు కొన్నాను. ఎవరో వేసుకుని వదిలేసిందే అయినా బాగుంది. మొదటిసారి ధైర్యం చేసి నలుగురితో బయటికెళ్ళిన రాత్రి పాస్‌పోర్ట్ అందులోనే పెట్టాను. గుమ్మం దగ్గర చూపించాను, మళ్ళీ జేబులో వేశాను. కోటు తీసి కుర్చీకి తగిలించాను. గదికొచ్చి చూస్తే లేదు. జేబులన్నీ మూడుసార్లు తిరగేశాను. అప్పట్లో వీసా అంటే పాస్‌పోర్ట్‌లో అంటించిన స్టిక్కరే. అంటే పాస్‌పోర్ట్‌తో పాటు వీసా కూడా పోయింది. ఇంట్లో చెప్పలేదు. పోలీసు రిపోర్టు, మన హైకమిషన్‌కి దరఖాస్తు, ఫోటోలు, ఫీజులు, ప్రయాణాలు. చదువు కోసం తెచ్చుకున్న డబ్బులో ఎంత పోయిందో ఇప్పుడు తలుచుకున్నా కడుపు మండుతుంది. అక్టోబరు అంతా ఏ పార్టీకీ వెళ్ళలేదు.

నవంబరులో ఒకరోజు వానలో తడిసి, కోటుని హీటరు మీద ఆరేస్తుంటే కింది అంచున ఏదో గట్టిగా తగిలింది. లోపలి జేబుకి అడుగున కుట్టు విడిపోయి ఉంది. పాస్‌పోర్ట్ అందులోంచి జారి, లైనింగుకీ పైగుడ్డకీ మధ్య రెండు నెలలు నాతోపాటే తిరిగింది. పోయిందని రాసిచ్చేశాను కాబట్టి అప్పటికే అది రద్దయింది. చేతిలో ఉండి కూడా దేనికీ పనికిరాదు.

అందుకే చెప్తున్నాను, వినండి. ఇప్పుడు వీసా స్టిక్కర్‌లో లేదు, ఈవీసా వచ్చింది, ఆన్‌లైన్‌ అకౌంట్‌లో ఉంటుంది. అలాగని ధీమా వద్దు. ఆ అకౌంట్‌కి కట్టి ఉన్నది మీ పాస్‌పోర్టే. అది మారితే అక్కడా మార్చాలి, అంతవరకు విమానం ఎక్కాలంటే టెన్షనే. వెళ్ళగానే పాస్ (PASS) అనే హోలోగ్రాం గుర్తున్న వయసు రుజువు కార్డుకి దరఖాస్తు పెట్టండి, సిటిజన్‌కార్డ్ లాంటిది. అది చేతికొచ్చేవరకు పగటి కార్యక్రమాలు, మీ వంటిల్లు చాలు. క్లబ్బు ఎక్కడికీ పారిపోదు. లేదు, వెళ్ళి తీరాలంటారా, లోపల జిప్పున్న జేబు, ఆ జేబుని వేలు పెట్టి కుట్లు చూసుకోవడం, కోటు ఒంటిమీంచి తీయకపోవడం. చెమట పడితే పట్టనీ.

ఇంత తిట్టాక ఒక మాట ఒప్పుకోవాలి. నాకు స్నేహితులు ఫ్రెషర్స్ వీక్‌లో దొరకలేదు. డిసెంబరులో దొరికారు. ఒక రాత్రి పదింటికి పప్పులో పోపు వేస్తూ, ఎండుమిర్చి ఘాటుకి తట్టుకోలేక కిచెన్ తలుపు తెరిచాను. పొగ కారిడార్లోకి పోయింది, అలారం మోగింది. బిల్డింగు మొత్తం కిందికి దిగి చలిలో నిలబడింది. కొందరికి చెప్పుల్లేవు, ఒకమ్మాయి తలకి తువ్వాలుంది. నా చేతిలో ఇంకా గరిటె ఉంది. "నువ్వేనా" అని పై అంతస్తు కుర్రాడు అడిగాడు. నేనే అన్నాను. ఏం వండావన్నాడు. వాడికి ఆ రాత్రే పప్పన్నం పెట్టాను, తర్వాత ఏడాదంతా నా పక్కనే ఉన్నాడు. జనవరిలో కొత్త బ్యాచీల కోసం రీఫ్రెషర్స్ కూడా పెడతారు, ఆ పోస్టరు చూసి నన్ను లాక్కెళ్ళింది వాడే. కాబట్టి మొదటి వారం పోయిందని కొంప మునగదు. ఈ మాట ముందే చెప్తే మీరు గదుల్లోంచి కదలరని చివర్లో చెప్పాను.

మా వీధి కుర్రాడికీ ఆ పొద్దున్న ఇదంతా చెప్పాను, ఫోన్‌లో ఛార్జింగు అయిపోయేదాకా. నెల తర్వాత మళ్ళీ మాట్లాడాడు. బ్యాడ్మింటన్ సొసైటీలో చేరాడట, వారానికి రెండు రోజులు వెళ్తున్నాడట. అదంతా సరేగానీ పాస్‌పోర్ట్ ఎక్కడుందన్నాను. సూట్‌కేసులో పెట్టి తాళం వేశానన్నాడు. తాళంచెవి ఎక్కడుందని అడిగాను.

"కోటు జేబులో అన్నా."