మీ కాలనీలో ఇంటి రిపేర్ల క్లాసు పెట్టాలంటే

కుళాయి కారుతోందని ప్లంబర్‌కి ఫోన్ చేస్తే "సాయంత్రం వస్తానండీ" అంటాడు, మనం రెండు రోజులు కింద బకెట్ పెట్టుకుని ఎదురుచూస్తాం, తీరా ఆయన వచ్చి మార్చేది చిన్న రబ్బరు వాషరు. ఆ పని ఎవరికైనా వస్తుంది. కానీ మన ఇళ్లలో ఆడవాళ్ల చేతికి పానా ఇచ్చేవాళ్లే లేరు, ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకి నేర్పేవాళ్లు లేరు. అందుకే ఒక ఆదివారం పొద్దున కమ్యూనిటీ హాల్లోనో, సెల్లార్లోనో క్లాసు పెట్టండి.

ఆమ్‌స్టర్‌డామ్‌లో 2009లో మార్టీన్ పోస్ట్‌మా అనే ఆవిడ మొదలుపెట్టిన రిపేర్ కేఫే పద్ధతి బెంగళూరు దాకా వచ్చింది. పాడైన వస్తువు పట్టుకెళ్లి, తెలిసినవాళ్ల పక్కన కూర్చుని బాగుచేసుకోవడం. మిక్సీ అయితే పట్టుకెళ్లొచ్చు, గోడకున్న కుళాయిని తీసుకెళ్లలేం కదా, కాబట్టి ఒక చెక్కకి పాత కుళాయి, యాంగిల్ కాక్ (గోడ దగ్గర నీళ్లు ఆపే చిన్న వాల్వ్), పైపు ముక్క బిగించి పెట్టుకోండి. చెక్కకి ఐదారుగురు మించకూడదు.

నేర్పడానికి మీ కాలనీకి వచ్చే ప్లంబర్‌నే పిలవండి, సగం రోజు కూలీ చందాలేసుకుని ఇవ్వండి, ఊరికే రమ్మనొద్దు. ఆయనకి ముందే గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది: చూపించడం ఒక్కసారే, తర్వాత పానా ఆయన ముట్టుకోకూడదు. చాలా క్లాసులు చెడిపోయేది ఇక్కడే, ఎవరైనా కాస్త తడబడగానే "ఇటివ్వండమ్మా" అని లాక్కుంటారు, నేర్చుకోవాల్సినావిడ మళ్లీ ప్రేక్షకురాలైపోతుంది. వచ్చిన ప్రతి ఒక్కరూ ఒక్కసారైనా సొంతంగా విప్పి బిగించాలి.

మొదటి క్లాసుకి కుళాయి ఒక్కటే చాలు. ముందు నీళ్లు ఆపే గేట్ వాల్వ్ కట్టేసి, కుళాయి తిప్పి పైపులో మిగిలిన నీళ్లు వదిలేయాలి. పిడి తీసి, పానాతో లోపలి కడ్డీని (స్పిండిల్) విప్పితే దాని అడుగున వాషర్ కనిపిస్తుంది, అరిగిపోయి మధ్యలో గుండ్రంగా గాడి పడి ఉంటుంది. అదే సైజుది వేసి బిగించేయడమే. పావు చుట్టో, అర చుట్టో తిప్పితే ఆగిపోయే కొత్త రకం కుళాయిల్లో వాషర్ ఉండదు, నీళ్లు ఆపే లోపలి భాగం, అంటే కార్ట్రిడ్జ్, మొత్తం మార్చాలి, పాతదాన్ని హార్డ్‌వేర్ షాపుకి పట్టుకెళ్లి దానికి సరిపోయేదే తెచ్చుకోవాలి. కుళాయి మొత్తం మార్చేటప్పుడు, లీకవకుండా మర మీద వేసే టెఫ్లాన్ టేపుని బిగించే దిశలోనే చుట్టాలి, ఎదురు చుడితే బిగిస్తుంటేనే ఊడొస్తుంది. ఇది మాత్రం అందరిచేతా చుట్టించి చూడండి.

కరెంటు రెండో క్లాసుకి, ఎలక్ట్రీషియన్ పక్కనుండగా మాత్రమే. మొదట ఎవరింట్లో వాళ్లని ఏ ఎంసీబీ (బోర్డులో కరెంటు ఆపే స్విచ్) ఏ గదిదో, దేనిదో రాసి అంటించుకోమనండి. ముట్టుకునే ముందు టెస్టర్‌తో చూడాలి, అంతకంటే ముందు ఆ టెస్టర్ వెలుగుతోందో లేదో కరెంటున్న సాకెట్‌లో పెట్టి చూసుకోవాలి. ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతుంటే చాలాసార్లు అందులో ఉండే కెపాసిటర్ అనే చిన్న డబ్బాది తప్పు, దాని మీద 2.5 మైక్రోఫారడ్ అని ఉంటే కొత్తదీ అదే ఉండాలి. పాత ఫ్యాన్‌ని బల్ల మీద పెట్టి నేర్పండి, నిచ్చెన అక్కర్లేదు. గీజర్, మెయిన్ బోర్డు, గ్యాస్ మాత్రం ఎవరూ సొంతంగా ముట్టుకోవద్దని తెగేసి చెప్పండి. గ్యాస్ వాసన వస్తే స్విచ్‌లు వేయడం, తీయడం రెండూ వద్దు, కిటికీలు తెరిచి, బయటికొచ్చి 1906కి ఫోన్ చేయాలి.

పిలుపు వాట్సాప్ గ్రూప్‌లో పెట్టి వదిలేయకండి. వాచ్‌మన్ కుటుంబం, ఇళ్లల్లో పనిచేసేవాళ్లు, అద్దెకున్న పిల్లలు ఆ గ్రూపుల్లో ఉండరు, వాళ్లని ఎదురుగా వెళ్లి పిలవాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి చెక్కని బల్ల ఎత్తున పెట్టండి, పట్టు తక్కువున్న చేతులకి పొడవు పిడి పానా ఇవ్వండి, తక్కువ బలంతోనే మర కదులుతుంది.

మిగిలిన చందాతో ఒక పెట్టె కొనండి. అందులో రెండు పానాలు, స్క్రూ డ్రైవర్లు, కటింగ్ ప్లేయర్, టెస్టర్, టెఫ్లాన్ టేపు, నాలుగు సైజుల వాషర్లు. పెట్టె వాచ్‌మన్ గదిలో ఉంటుంది, పక్కనే ఒక నోటు పుస్తకం: ఎవరు తీసుకెళ్లారు, ఏం బాగుచేశారు, ఏం అయిపోయింది. తర్వాతి క్లాసులో ఏం నేర్పాలో, ఎవరిచేత నేర్పించాలో ఆ పుస్తకం చూస్తే తెలిసిపోతుంది.