చెరకు రసంతో వెనిగర్: గాలి ఆడాలి, పులుపు కొలవాలి

2 లీటర్ల చెరకు రసం వడగట్టి, మట్టితో వచ్చిన సూక్ష్మజీవులు చచ్చేలా పది నిమిషాలు మరిగించండి. బాగా చల్లారాక 2 గ్రాముల డ్రై ఈస్ట్ కలిపి, మూత వదులుగా పెట్టండి. వారం పది రోజులకు బుడగలు ఆగి, తీపి పోయి సారా అవుతుంది.

పైతేటను వెడల్పాటి గాజు జాడీలోకి వంచి, వేడి చేయని పాత వెనిగర్ అర లీటరు పోయండి. ఇప్పుడు పల్చని గుడ్డతో వాసెన కట్టాలి. పాత వెనిగర్‌లో ఉండి సారాను పులుపుగా మార్చే ఎసిటోబ్యాక్టర్ అనే బ్యాక్టీరియాకు గాలే ప్రాణం. చాలామంది ఇక్కడే మూత బిగించి చెడగొట్టుకుంటారు: సారా వాసన పోదు, పులుపెక్కదు. పైన మీగడలా జారుడు పొర కడితే మంచిదే. నూగునూగుగా పచ్చటి, నల్లటి బూజు లేస్తే మొత్తం పారబోయండి.

నెల దాటాక పుల్లగా ఉంది కదా అని నాలుకను నమ్మి పచ్చళ్లలో పోయకండి. 1 మి.లీ. వెనిగర్‌లో, క్షారం ఎక్కువైతే గులాబీ రంగుకు మారే ఫినాఫ్తలీన్ చుక్క వేసి, 0.1 నార్మల్ గాఢత గల సోడియం హైడ్రాక్సైడ్ (క్షారం) ద్రావణం పోస్తూ పోండి. లేత గులాబీ రంగు నిలవడానికి 8.3 మి.లీ. పడితే ఆమ్లం 5 శాతం.