పాత ఐస్ టూల్: పిక్ మార్చాలా, టూలే మార్చాలా?

ఐస్ టూల్ అంటే మంచు గోడలు ఎక్కేటప్పుడు చేతికొకటి చొప్పున పట్టుకునే చిన్న గొడ్డలిలాంటి పనిముట్టు. అందులో భాగాలు రెండు రకాలు. మంచులో దిగే పళ్లున్న పిక్, దాని వెనక సుత్తిలా ఉండే హ్యామర్, పారలాంటి వెడల్పు అంచున్న అడ్జ్, చెయ్యి ఆనే గ్రిప్‌రెస్ట్, కొన్నింటిలో కింది మొన అయిన స్పైక్ కూడా బోల్టుతో బిగించినవి. ఇవి అరిగిపోతాయని తెలిసే తయారీదారులు వాటిని ఊడదీసేలా చేశారు. పిక్ కూర్చునే హెడ్, చేత్తో పట్టుకునే కాడ అయిన షాఫ్ట్, ఆ రెంటినీ కలిపే రివెట్లు మాత్రం టూల్ బతికినన్నాళ్లూ అవే. బోల్టుతో వచ్చిన భాగం పాడైతే దాన్ని మార్చండి, ఊడదీయలేని భాగం పాడైతే టూల్‌నే మార్చండి. మొద్దుబారిన పిక్‌ను చూసి కొత్త జత కొనేవాళ్లున్నారు, పగిలిన హెడ్‌కు కొత్త పిక్ తగిలించేవాళ్లూ ఉన్నారు. మొదటివాళ్లకు డబ్బు పోతుంది. రెండోవాళ్ల గురించే నాకు దిగులు.

కొడితే దిగడం లేదు, మంచు పెచ్చులుగా ఊడుతోంది

ముందు తప్పు మంచుదో పిక్‌దో తేల్చుకోండి. బాగా చలిగా ఉన్న రోజు మంచు పెళుసుగా ఉంటుంది, కొత్త పిక్‌కైనా పళ్లెమంత పెచ్చులు లేస్తాయి. తోటివాళ్ల టూల్‌తో అదే చోట కొట్టి చూడండి. అది దిగి మీది దిగకపోతే లోపం మీ పిక్‌లోనే ఉంది.

మొన మొద్దుబారి ఉంటే ఆకురాయితో చేత్తోనే సానబెట్టాలి. గ్రైండింగ్ మెషిన్ జోలికి వెళ్లొద్దు. ఆ వేడికి ఉక్కు టెంపర్ దిగిపోతుంది, పిక్ మెత్తబడుతుంది. మొన దగ్గర నీలం రంగో గడ్డి రంగో కనిపిస్తే ఆ పని ఎవరో ఇప్పటికే చేశారన్నమాట. ఆ పిక్‌ను పక్కన పెట్టేయండి.

పదును పెట్టడానికీ ఓ హద్దుంది. పిక్ మొన వైపు సన్నగా, వెనక్కి వెళ్లేకొద్దీ మందంగా ఉంటుంది. సానబెట్టిన ప్రతిసారీ మొన కాస్త వెనక్కి జరుగుతుంది, అంటే మందమైన చోటికి వస్తుంది. అందుకే ఎంత పదునుగా ఉన్నా బాగా అరిగిన పిక్ మంచును చీల్చకుండా పగలగొడుతుంది. మంచు కోసం చేసిన పిక్‌ల మొన దాదాపు 3 మి.మీ., రాతి మీద వాడేవి దాదాపు 4 మి.మీ. ఉంటాయి. ఆ చిన్న తేడానే చేతికి తెలుస్తుంది. పక్కలను అరగదీసి సన్నం చేద్దామనుకుంటే బలం పోతుంది. అరుగుదల పిక్ కింది అంచునున్న మొదటి పంటి దాకా వచ్చిందంటే కొత్త పిక్ కొనే సమయం వచ్చినట్టే. కొత్తది తెచ్చిన రోజే దాన్ని అట్టముక్క మీద పెట్టి చుట్టూ గీత గీసి దాచుకోండి. తర్వాత ఎంత అరిగిందో, కోణం ఎక్కడ తప్పిందో పక్కన పెడితే తెలిసిపోతుంది.

దిగుతుంది కానీ బయటికి రావడం లేదు

ఇందుకు సాధారణంగా ఏమీ కొనక్కర్లేదు. సానబెట్టాక పక్కల మిగిలిన ఉక్కు రజను వల్లో, మొన పై అంచు చదునుగా ఉండిపోవడం వల్లో పిక్ పట్టేస్తుంది. రజను తీసేసి, పై అంచును కాస్త ఏటవాలు చేసి, పళ్ల అంచులను కొంచెం మొండి చేయండి. ఇరుక్కున్నప్పుడు పైకీ కిందికీ కదిలించాలి తప్ప పక్కకు మెలితిప్పకూడదు. అలా మెలితిప్పి పక్కకు వంగిన పిక్‌ను సుత్తితో కొట్టి సరిచేయొద్దు. వంగినచోట కంటికి కనబడని పగుళ్లు ఉండొచ్చు. పగుళ్లు ఎక్కువగా పళ్ల మధ్య లోయల్లోనో బోల్టు రంధ్రం అంచునో మొదలవుతాయి కాబట్టి అక్కడ తుడిచి, మంచి వెలుతురులో చూడండి.

కొట్టిన ప్రతిసారీ టక్‌మని చప్పుడు, పిక్ కదులుతోంది

పాత టూళ్లలో నేను అన్నిటికంటే సీరియస్‌గా తీసుకునే లక్షణం ఇదే. ఒకే చప్పుడుకు నాలుగు కారణాలుండొచ్చు. వాటిని ఒక వరుసలో తోసిపుచ్చుకుంటూ వెళ్లాలి.

మొదట బోల్టు బిగించి చూడండి. ఎక్కువసార్లు సమస్య ఇక్కడే తీరిపోతుంది. బిగించినా ఒక్క పూటలోనే మళ్లీ వదులైతే బోల్టు సాగిపోయి ఉంటుంది, లేదా మరలు అరిగి ఉంటాయి. బోల్టు, నట్, వాషర్ మూడూ కొత్తవి వేయండి, అదీ ఆ టూల్ తయారీదారువే. హార్డ్‌వేర్ షాపులో అదే కొలతకు దొరికే బోల్టు చూడ్డానికి ఒకేలా ఉన్నా దాని ఉక్కు వేరు. తయారీదారు చెప్పినంత మాత్రమే బిగించండి. బలం ఉంది కదా అని తిప్పేస్తే మరలు పోతాయి.

కొత్త బోల్టుతోనూ కదిలితే పిక్ ఊడదీసి రంధ్రం చూడండి. గుండ్రంగా ఉండాల్సింది కోలగా సాగి ఉంటే పిక్ మార్చాలి. కొత్త పిక్, కొత్త బోల్టు వేశాక కూడా ఆడుతుంటే అరిగింది హెడ్‌లో పిక్ కూర్చునే గాడి. దానికి విడిభాగం లేదు, టూల్ పని అయిపోయింది. ఆ సందులో రేకు ముక్క దూర్చి చప్పుడు ఆపేయొచ్చు. కానీ ఆగేది చప్పుడొక్కటే. భారం మొత్తం ఆ రేకు ఆనినచోటే పడుతుంది. దయచేసి ఆ పని చేయకండి.

సరిపోయే పిక్ దొరకడం లేదు

పేరు ఒకటే అయినంత మాత్రాన భాగాలు సరిపోవు. పెట్జల్ కంపెనీ క్వార్క్ అనే తన టూల్‌ను 2010లో కొత్త రూపంలో తెచ్చింది. అంతకు ముందు క్వార్క్‌కు ఇప్పటి పిక్‌లు పట్టవు. షూనార్డ్ పేరు చెక్కి ఉన్న టూల్ మీ చేతికొస్తే అది ఇంకా పాతది, ఆ కంపెనీ 1989లోనే బ్లాక్ డైమండ్ అనే కంపెనీగా మారింది. ఇలాంటివాటికి భాగాలు దొరక్కపోవడమే కొత్తది కొనడానికి తగిన కారణం. మీ మోడల్ తయారీ ఆగిపోయిందని తెలిస్తే, పిక్‌లు ఇంకా అమ్ముతున్నప్పుడే ఒక జత అదనంగా తీసి పెట్టుకోండి.

కొనేటప్పుడు పిక్ మీది గుర్తు చూడండి. ఐస్ టూళ్లకు వర్తించే యూరప్ ప్రమాణం ఈఎన్ 13089లో బి అంటే మామూలు వాడకానికి, టి అంటే సాంకేతిక ఆరోహణకు. కొత్త టూళ్ల మీద వీటి బదులు 1, 2 అంకెలుంటాయి. షాఫ్ట్‌కూ పిక్‌కూ గుర్తు విడివిడిగా ఉంటుంది. టి షాఫ్ట్‌కు బి పిక్ తగిలించి రాతి చీలికల్లో మెలిపెడితే ముందు విరిగేది పిక్కే.

షాఫ్ట్ మీద గీతలు, సొట్టలు

పైపై గీతలతో భయం లేదు. అల్యూమినియం మీద అంచు తేలిన సొట్ట, మడత, కొంచెమైనా వంపు ఉంటే ఆ టూల్‌ను వదిలేయాలి. ఉక్కు హెడ్ అల్యూమినియంను తాకేచోట తడి నిలిస్తే తెల్లటి పొడిలా తుప్పు పడుతుంది. తుడిస్తే పోయేదైతే పర్వాలేదు, కింద లోహం గుంటలు పడి ఉంటే కాదు. కార్బన్ షాఫ్ట్‌లో పొరలు విడిపోతే ఆ చోట నాణెంతో తట్టినప్పుడు శబ్దం బోలుగా వస్తుంది. రివెట్ చుట్టూ నల్లటి గీత కనిపిస్తే లోపల కదలిక ఉందని అర్థం. వీటిలో ఏ ఒక్కటున్నా పిక్ ఎంత కొత్తదైనా లాభం లేదు.

పట్టు జారుతోంది

రబ్బరు ఊడితే పాత జిగురు పూర్తిగా గీకేసి, తనకు తానే అతుక్కునే రబ్బరు టేపు చుట్టండి. గ్రిప్‌రెస్ట్ ఆడుతుంటే దాని బోల్టు చూడండి, దాని పళ్లు అరిగితే అదొక్కటే మార్చండి. టూల్‌ను నడుముకు కట్టుకునే పట్టీకి (హార్నెస్) కలిపే తాడు, మణికట్టు పట్టీ వంటి నేత భాగాలకు మాత్రం వయసు లెక్కే ముఖ్యం. పెట్జల్ నేత, ప్లాస్టిక్ భాగాలకు గరిష్ఠంగా 10 ఏళ్లు అంటుంది, లోహానికి ఏ గడువూ పెట్టదు.

అన్నీ బాగున్నాయి, అయినా నిట్టనిలువు మంచు మీద వేళ్లు నలిగిపోతున్నాయి

ఇది అరుగుదల కాదు, ఆకారం. నిటారు షాఫ్ట్‌తో కొడితే వేళ్లు మంచుకు తగులుతాయి, ఉబ్బెత్తుల మీద పిక్ చేరదు. ఏ విడిభాగమూ షాఫ్ట్‌కు వంపు తేదు. ఏటవాలు మంచు వరకే మీ పని అయితే కొత్త పిక్ వేసుకుని హాయిగా వాడుకోండి. నిలువు గోడలే మీ లక్ష్యమైతే పాత టూల్‌కు పిక్‌లు, గ్రిప్‌రెస్ట్‌లు, హ్యామర్ అన్నీ కొనే ముందు మొత్తం కూడి చూడండి. అది కొత్త జత ధరలో సగం దాటుతుంటే నేనైతే కొత్తదే కొంటాను.

పనికిరాదని తేల్చిన టూల్ నుంచి బాగున్న బోల్టులు, హ్యామర్ తీసి దాచుకుని, షాఫ్ట్‌ను రంపంతో రెండు ముక్కలు చేయండి. అలాగే మూలన పెడితే లోపం సంగతి తెలియనివాళ్లు ఎవరైనా దాన్ని కొండకు పట్టుకెళ్తారు.