మాతృభాష నేర్పుతూ విదేశాల్లో బతకాలంటే

ముందు వీసా సంగతి తేల్చుకోండి. ఆన్‌లైన్ పాఠాలే కదా అనుకుంటాం గానీ, చాలా దేశాల్లో టూరిస్ట్ వీసా మీద ఉంటూ సంపాదించడం కుదరదు, ఏడాదిలో 183 రోజులు దాటితే పన్ను కూడా అక్కడే కట్టాల్సి రావచ్చు.

ఇక భాష నేర్పేవాళ్లనీ నేర్చుకునేవాళ్లనీ కలిపే సైట్లు. ఐటాకీలో కమ్యూనిటీ ట్యూటర్‌గా చేరడానికి టీచింగ్ సర్టిఫికెట్ అక్కర్లేదు. ప్రెప్లీలో మాత్రం కొత్త విద్యార్థి తీసుకునే ట్రయల్ క్లాసు డబ్బంతా సైటుకే పోతుంది, కాబట్టి వాళ్లు రెండో క్లాసుకి రావడమే మీకు ముఖ్యం. ట్రయల్‌లో మీ గొప్పలు చెప్పుకోకుండా వాళ్ల చేత మాట్లాడించండి. తప్పు దొర్లితే మధ్యలో ఆపకుండా, ఆ వాక్యాన్ని సరిచేసి చాట్‌లో టైప్ చేసిపెట్టి, చివర్లో వాళ్లతోనే గట్టిగా చదివించండి.

పుట్టినప్పటి నుంచీ మాట్లాడే భాషే అయినా వ్యాకరణం ఒకసారి తిరగేయండి, లేకపోతే "ఇలా ఎందుకంటారు?" అని అడగగానే నోరు పెగలదు. రేటు మొదట్లో తక్కువే పెట్టండి, మంచి రివ్యూలు రాగానే మొహమాటపడకుండా పెంచేయండి.